జపాన్ సొమ్ము వెనక ఎవరి చెమట? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో అనంతపురం పాఠకుడొకరు "అణుబాంబులు పడిన దేశం ఇరవై ఏళ్ళలో అంత పైకి ఎట్లా లేచింది?" అని అడిగారు. అది ఇరవై ఏళ్ళ కథ కాదు, దాని వెనక ఇంకో ఎనభై ఏళ్ళు ఉన్నాయని రెండు ముక్కలు రాసి వదిలేశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం జపాన్‌కే ఇచ్చేశాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను.

సార్, కష్టపడే గుణం, క్రమశిక్షణ జపాన్‌వాళ్ళ రక్తంలోనే ఉంది, మనకు రమ్మన్నా రాదు అని మా లెక్చరర్ అంటారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

కాదమ్మా. ఈ మాట మన సీమలో చాలా చోట్ల విన్నాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే ఇది వాళ్ళను పొగిడినట్టు కనిపిస్తూ మన పిల్లల కాళ్ళు విరగ్గొట్టే మాట. 1900 ప్రాంతంలో జపాన్ నూలు మిల్లుల్లో చేరినవాళ్ళు ఏడాది తిరిగేసరికి సగానికి పైగా మానేసి పోయిన సందర్భాలు ఉన్నాయి. రాత్రికి రాత్రి గోడ దూకి పారిపోయేవాళ్ళు, పక్క మిల్లువాడు నాలుగు డబ్బులు ఎక్కువిస్తానంటే అక్కడికి దాటేవాళ్ళు. ఒకే కంపెనీలో జీవితమంతా పనిచేసే పద్ధతి తర్వాత ఎప్పుడో తయారైంది, ఎట్లా తయారైందో కింద ఇంకో జవాబులో రాశాను.

రక్తం సంగతి పక్కన పెడితే, వాళ్ళకు ముందునుంచీ కొంత సరంజామా మాత్రం ఉంది. 1603 నుంచి 1868 దాకా తోకుగావా షోగన్ల (షోగన్ అంటే చక్రవర్తి పేరున దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు) పాలనలో దేశం తలుపులు దాదాపు మూసుకునే ఉంది. నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవిలో డచ్చివాళ్ళు తప్ప, 1639 తర్వాత రెండు వందల ఏళ్ళ పాటు యూరప్‌వాళ్ళెవరికీ వ్యాపారం చేసే వీల్లేదు. అయినా లోపల వ్యాపారం ఆగలేదు. పన్ను బియ్యం రూపంలో వసూలు చేసేవాళ్ళు, సామంతుడి హోదా కూడా అతని భూమిలో ఎన్ని కొకుల బియ్యం పండుతుందో దాన్ని బట్టే (కొకు అంటే సుమారు 180 లీటర్లు, ఒక మనిషికి ఏడాది తిండి అనుకోండి). 1635 నుంచి ప్రతి సామంతుడూ ఏడాది విడిచి ఏడాది రాజధాని ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, పరివారంతో సహా కాపురం ఉండాలని రూలు పెట్టారు. దారి ఖర్చులకూ అక్కడి ఖర్చులకూ డబ్బు కావాలి, కాబట్టి బియ్యం ఒసాకాకు తోలి అమ్ముకోవాలి. అట్లా ఒసాకాలోని దోజిమా బజారులో బియ్యం రసీదుల మీద వాయిదా వ్యాపారం (ధర ఇప్పుడే మాట్లాడుకుని, లెక్క తర్వాత తేల్చుకునేది) పుట్టింది, 1730లో షోగన్ ప్రభుత్వం దానికి ఆమోదముద్ర వేసింది. ప్రపంచంలో మొదటి ఫ్యూచర్స్ మార్కెట్ అని చాలామంది చెప్పేది దీన్నే. 1853లో అమెరికా నౌకాధికారి పెర్రీ యుద్ధనౌకలేసుకొచ్చి తలుపు కొట్టేనాటికి అప్పు, వడ్డీ, రసీదు, లెక్కల పుస్తకం ఇవన్నీ అక్కడి జనానికి బాగా తెలుసు.

మన దత్తమండలాల్లో మన్రో దొర రైత్వారీ పెట్టినట్టే జపాన్‌లోనూ రైతులకు పట్టాలిచ్చి శిస్తు వేశారని చదివాను. రెండూ ఒకటేనా?
– రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి, కడప

మీరు జమాబందీలు చేసిన మనిషి, మీకు ఇట్టే అర్థమవుతుంది. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి వదిలేశాక మన్రో ఇక్కడ ఏడేళ్ళు కలెక్టరుగా ఉండి, పొలాలు కొలిపించి, రైతు దగ్గర నేరుగా డబ్బుగా శిస్తు తీసుకునే పద్ధతి స్థిరపరిచాడు. జపాన్ 1873లో చేసింది చూడ్డానికి అచ్చం ఇదే. అంతకుముందు ఊరు మొత్తానికి కలిపి బియ్యంగా వేసే పన్ను తీసేసి, ప్రతి పొలానికీ ఖరీదు కట్టి, హక్కుదారుకు పట్టా చేతికిచ్చి, ఆ ఖరీదులో 3 శాతం ఏటా డబ్బుగా కట్టమన్నారు. పండినా అంతే, ఎండినా అంతే. రైతులు తిరగబడితే 1877లో 2.5 శాతానికి దించారు.

తేడా ఆ డబ్బు ఎక్కడికి పోయింది అన్న దాంట్లో ఉంది. మన శిస్తు కంపెనీ సైన్యాలకు, లండన్ వాటాదారులకు పోయింది. వాళ్ళ శిస్తు టోక్యోలోని వాళ్ళ ప్రభుత్వానికే చేరింది. ఇంకో సంగతి, 1858లో తెల్లదేశాలు బలవంతంగా చేయించుకున్న ఒప్పందాల వల్ల దిగుమతి సుంకాలు ఇష్టమొచ్చినట్టు పెంచుకునే హక్కు జపాన్‌కు లేదు, ఆ హక్కు పూర్తిగా తిరిగొచ్చింది 1911లోనే. సుంకం లేదు, బయటి అప్పు చేస్తే, అప్పుల పాలై పరాయివాళ్ళ పెత్తనం కిందికి పోయిన ఈజిప్టు గతి పడుతుందన్న భయం. మిగిలింది రైతు ఒక్కడే. 1872లో అందరికీ బడి అని చట్టం చేసినా, అదే ఏడు మొదటి రైలు వేసినా, ప్రభుత్వమే ఫ్యాక్టరీలు పెట్టినా, సమురాయ్‌లకు, అంటే పాత కాలపు యోధులకు, భరణాల బదులు 1876లో బాండ్లు ఇచ్చి వదిలించుకున్నా, బరువంతా ఆ భూమి శిస్తు మీదే పడింది.

రైతు బాధ మన దగ్గరికంటే తక్కువేం కాదు, ఇది గట్టిగా చెప్పాలి. 1881 తర్వాత ఆర్థికమంత్రి మత్సుకతా మసయోషి, అతిగా అచ్చేసిన నోట్లను వెనక్కి లాగేశాడు, 1882లో బ్యాంక్ ఆఫ్ జపాన్ పెట్టాడు. రూపాయికి, అదే యెన్‌కు, విలువ నిలబడింది. కానీ బియ్యం ధర, పట్టు ధర దబ్బున పడిపోయాయి, శిస్తు మాత్రం ఒక్క పైసా తగ్గలేదు. అప్పులవాళ్ళ చేతికి భూములు పోయాయి. 1884లో చిచిబు కొండల్లోని పట్టు రైతులు కత్తులు, కర్రలు పట్టుకుని వడ్డీవ్యాపారుల ఇళ్ళ మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు. సైన్యం వచ్చి అణిచేసింది. జపాన్ గొప్పతనం గురించి మన పేపర్లలో వచ్చే వ్యాసాల్లో చిచిబు పేరు ఎప్పుడూ కనబడదు.

మేం బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల పట్టుపురుగుల రకం) గూళ్ళు పండిస్తాం. ఈ రకాలు, పెంపకం పద్ధతులు జపాన్‌వాళ్ళే నేర్పారని పట్టు పరిశ్రమ శాఖవాళ్ళు చెప్తుంటారు. మరి అంత తెలిసినవాళ్ళ దేశంలో ఇప్పుడు పట్టు ఎందుకు లేదు?
– పట్టు రైతు, హిందూపురం దగ్గర పల్లె

అన్నా, మీ ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. 1990లలో జపాన్ సహకార సంస్థ జైకా, మన కేంద్ర పట్టు మండలితో కలిసి మైసూరు కేంద్రంగా చేసిన పనే మీ షెడ్డు దాకా వచ్చింది. దాని మూలం వంద ఏళ్ళ వెనక ఉంది. 1906లో తోయామా కమెతారో అనే శాస్త్రవేత్త, బఠాణీ మొక్కల్లో మెండెల్ కనిపెట్టిన వంశపారంపర్య సూత్రాలు పట్టుపురుగులకూ వర్తిస్తాయని చూపించి, రెండు జాతులు కలిపిన మొదటి తరం పురుగులే పెంచండని చెప్పాడు. పదేళ్ళలోపే జపాన్ ప్రభుత్వం ఆ సంకర గుడ్లు రైతులకు పంచడం మొదలెట్టింది. గూడు బరువు పెరిగింది, దారం పొడుగు పెరిగింది, అన్ని గూళ్ళూ ఒకే తీరుగా రావడంతో అమెరికా మిల్లులవాళ్ళకు మరీ నచ్చింది.

దాని ముందు కథ ఇంకా ముఖ్యం. 1860ల నాటికి ఫ్రాన్స్, ఇటలీలలో పట్టుపురుగులకు తెగులొచ్చి పంట పాడైపోయింది. అప్పుడే తలుపులు తెరిచిన జపాన్‌కు అది కలిసొచ్చింది. కానీ ఇంటి దగ్గర చేత్తో తీసిన దారం ఒక చోట లావు, ఒక చోట సన్నం, కొనేవాళ్ళు వంక పెట్టేవాళ్ళు. 1872లో ప్రభుత్వం తొమియోకా అనే ఊర్లో ఫ్రెంచి యంత్రాలతో, పాల్ బ్రూనా అనే ఫ్రెంచి నిపుణుడిని పెట్టుకుని గూళ్ళ నుంచి దారం తీసే పెద్ద రీలింగ్ మిల్లు కట్టింది. మిల్లు సిద్ధంగా ఉంది, పనికి అమ్మాయిలు ఒక్కరూ రాలేదు. తెల్లవాళ్ళు ఎర్రటి వైన్ తాగడం చూసి, వాళ్ళు పిల్లల రక్తం తాగుతారని పుకారు లేచింది. చివరకు మిల్లు పెద్ద ఒదాకా అత్సుతదా తన సొంత కూతురిని మొదట పనిలో చేర్పించాడు, అప్పుడు గానీ మిగతావాళ్ళు కదల్లేదు.

మొదట్లో తొమియోకాకు వచ్చింది చాలావరకు మర్యాదస్తుల ఇళ్ళ పిల్లలు, పని నేర్చుకుని వెళ్ళి తమ ఊర్లలో నేర్పారు. తర్వాత నాగనో జిల్లా సువా చుట్టూ ప్రైవేటు మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి, అక్కడి కథ వేరు. తండ్రి అడ్వాన్సు తీసుకుని కాగితం మీద ముద్ర వేస్తాడు, పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల మంచు పడే కొండదారిలో నడిచి మిల్లుకు చేరుతుంది. పొగలు కక్కే నీళ్ళ తొట్టిలో గూళ్ళు తేలుతుంటాయి, వేళ్ళతో వెతికి కొస పట్టుకుని, నాలుగైదు గూళ్ళ కొసలు కలిపి రాట్నానికి ఎక్కించాలి, ఒక గూడు అయిపోగానే ఇంకో కొస అందించాలి, లేకపోతే దారం సన్నబడుతుంది. మీ హిందూపురం రీలింగ్ యూనిట్లలో ఆ ఉడికిన పురుగు వాసన, నీళ్ళకు నానిపోయి పగిలిన వేళ్ళు మీరు చూసే ఉంటారు. అది రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు. పైగా అమ్మాయిలందరి దారాన్నీ పోల్చి మార్కులు వేసేవాళ్ళు, బాగా తీసినవాళ్ళకు పెంచే కూలి, తక్కువ తీసినవాళ్ళ కూలిలోంచి కోసేవాళ్ళు. క్షయ పట్టి ఇంటికొచ్చి చనిపోయినవాళ్ళు ఎందరో. ఫ్యాక్టరీ చట్టం 1911లో వచ్చింది, అమలుకు 1916 దాకా ఆగారు, ఎందుకంటే మిల్లు యజమానులు ఒప్పుకోలేదు.

1909 నాటికి చైనాను దాటేసి పట్టుదారం ఎగుమతిలో జపాన్ ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. ఎగుమతి సొమ్ములో దాదాపు మూడో వంతు పట్టుదే. ఇంగ్లండు నుంచి యంత్రాలు, జర్మనీ నుంచి ఉక్కు సామగ్రి, యుద్ధనౌకలు కొనడానికి ఆ డాలర్లే పెద్ద ఆసరా. జపాన్ పరిశ్రమల పునాదిరాయి ఏదంటే నేను ఆ అమ్మాయిల వేళ్ళనే చూపిస్తాను.

ఇక ఎందుకు పోయిందంటారా, 1929లో అమెరికాలో మాంద్యం రాగానే పట్టు ధర సగానికి పైగా పడింది, 1940లో నైలాన్ మేజోళ్ళు అమెరికా బజారంతా వచ్చేశాయి, యుద్ధం తర్వాత కూలి రేట్లు పెరిగి పల్లె పిల్లలు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు మళ్ళారు. తొమియోకా మిల్లు 1987లో మూతపడింది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

మా పెద్దల కాలంలో మన దేశం పత్తి జపాన్‌కు పోయేదట. అంత దూరం ఎందుకు కొనేవాళ్ళు?
– పత్తి వ్యాపారి, ఆదోని

వాళ్ళ పత్తి పింజ పొట్టి, ధర ఎక్కువ. 1883లో షిబుసావా ఎయిచి (2024 నుంచి పదివేల యెన్‌ల నోటు మీద ఉన్న బొమ్మ ఈయనదే) చొరవతో మొదలైన ఒసాకా స్పిన్నింగ్ మిల్లు ఆవిరి యంత్రాలతో రాత్రీ పగలూ నడిచింది. అంత ఆకలి ఉన్న మిల్లులకు బొంబాయి పత్తి దిక్కయింది. కానీ ఓడ కిరాయి బ్రిటిష్ కంపెనీల చేతిలో ఉంది. 1893లో జంషెట్జీ టాటా జపాన్ వెళ్ళి, అక్కడి ఎన్‌వైకే ఓడల కంపెనీతో కలిసి బొంబాయి–కోబే లైను మొదలెట్టారు. బ్రిటిష్ ఓడల కంపెనీ పీ అండ్ ఓ వాళ్ళు కిరాయి దారుణంగా తగ్గించి దెబ్బ తీయాలని చూశారు, జపాన్ మిల్లుల సంఘం మాత్రం నష్టమైనా సరే మా సరుకు మన ఓడల్లోనే అని కట్టుబడి నిలిచింది. 1896లో జపాన్ పత్తి దిగుమతి సుంకం ఎత్తేసింది. మిల్లులు బాగుపడ్డాయి, జపాన్ పత్తి రైతు అక్కడితో అయిపోయాడు. వ్యాపారం తెలిసినవారు కాబట్టి ఈ లెక్క మీకు అర్థమవుతుంది, ఒకరిని నిలబెట్టడానికి ఇంకొకరిని వదిలేశారు, తెలిసే వదిలేశారు.

1933లో ఇండియా ప్రభుత్వం బ్రిటన్‌ది కాని బట్ట మీద సుంకం 75 శాతానికి పెంచితే, జపాన్ మిల్లులు మన పత్తి కొనడం ఆపేశాయి, ధర పడి రైతు లబోదిబోమన్నాడు. 1934 ఒప్పందంలో మీరు ఇన్ని బేళ్ళ పత్తి కొంటే మేం ఇన్ని గజాల బట్ట రానిస్తాం అని ముడిపెట్టారు.

మిత్సుబిషి, మిత్సుయి, సుమితోమో అన్నీ రాజవంశాలవా?
– ఐటీఐ విద్యార్థి, గుత్తి

కాదు నాయనా, వ్యాపార కుటుంబాలు. మిత్సుయి, సుమితోమోలు షోగన్ల కాలం నాటివి, మిత్సుబిషి 1870లలో ఇవాసాకి యతారో ఓడల వ్యాపారంతో మొదలైంది. ప్రభుత్వం తన గనులు, ఓడల యార్డులు 1880లలో అమ్మేసినప్పుడు ఇట్లాంటి కుటుంబాలే కొన్నాయి, నాగసాకి యార్డు మిత్సుబిషికి, మీకే బొగ్గు గని మిత్సుయికి పోయాయి. వీళ్ళ సొమ్ములో యుద్ధాల వాటా ఉంది. 1895లో ఓడిన చైనా నుంచి గుంజిన నష్టపరిహారంతోనే జపాన్ 1897లో బంగారు ప్రమాణానికి (డబ్బు విలువను ఇంత బంగారం అని కట్టే పద్ధతికి) మారింది, యవాతా ఉక్కు ఫ్యాక్టరీకీ అందులోంచే పెట్టుబడి పెట్టింది. తైవాన్ చక్కెర, కొరియా బియ్యం వలస పాలనలో పిండుకున్నవే. వాళ్ళ చరిత్ర నేర్చుకునేటప్పుడు ఈ భాగం దాటేయకూడదు.

కౌలు రైతును. యుద్ధంలో ఓడిపోయాక అమెరికావాళ్ళు జపాన్‌లో భూములన్నీ పంచారని విన్నాను. మన దగ్గర కాని పని అక్కడ ఎట్లా అయింది?
– నంద్యాల దగ్గర పల్లె నుంచి

1945లో సాగుభూమిలో దాదాపు 46 శాతం కౌలు కిందే ఉంది, కౌలు పంటలో సగం దాకా పోయేది. 1946 చట్టం ప్రకారం ఊర్లో లేని భూస్వామి భూమి మొత్తం, ఊర్లో ఉన్నవాడు కౌలుకిచ్చిన దాంట్లో ఒక హెక్టారు మించినది (హొక్కయిదోలో నాలుగు హెక్టార్లు) ప్రభుత్వం కొనేసి దున్నేవాడికి అమ్మింది. 1950కల్లా కౌలు భూమి 10 శాతం దగ్గరికి పడిపోయింది. ఎందుకు కుదిరిందంటే, పైన ఎదురులేని సైనిక పాలన ఉంది, కింద ఊరూరా కమిటీల్లో కౌలుదారులకు ఐదు సీట్లు, భూస్వాములకు మూడు, సొంత సాగుదార్లకు రెండు. జపాన్ వ్యవసాయ శాఖ అధికారులే యుద్ధానికి ముందునుంచి ఈ పని కోసం కాగితాలు సిద్ధం చేసుకుని ఉన్నారు. పైగా ధరలు మండిపోతుండడంతో రైతు కట్టాల్సిన భూమి ఖరీదు చూస్తుండగానే చిల్లర కింద లెక్కైపోయింది. మన 1973 భూసంస్కరణల చట్టం వచ్చేలోపు బినామీ పేర్ల మీదికి భూమి మార్చుకోవడానికి మన పెద్దలకు దండిగా టైమ్ దొరికింది, అక్కడ ఆ టైమ్ ఇవ్వలేదు. ఆ రైతు చేతిలో మిగిలిన డబ్బే 1950, 60లలో రేడియో, వాషింగ్ మెషిన్, టీవీ కొన్నది.

తర్వాత నడిపించింది ప్రభుత్వమా, ప్రైవేటా? సివిల్స్‌లో రాయడానికి కావాలి.
– అనంతపురం

రెండూ అని రాయి, కానీ ఎట్లాగో రాయి. 1949లో డాలరుకు 360 యెన్‌లు అని రేటు కట్టారు, అది 1971 దాకా కదల్లేదు. అదే ఏడు పెట్టిన వాణిజ్య, పరిశ్రమల శాఖ (మీటీ అంటారు) చేతిలో డాలర్ల తాళం ఉంది, ఎవరికి ఏ యంత్రం, ఏ టెక్నాలజీ కొనడానికి డాలర్లివ్వాలో వాళ్ళే తేల్చేవాళ్ళు. 1950లో కొరియా యుద్ధం వచ్చి అమెరికా సైన్యం ఆర్డర్లు కురిశాయి. జనం పోస్టాఫీసుల్లో దాచుకున్న సొమ్ము ప్రభుత్వం ద్వారా రోడ్లకు, కరెంటుకు పోయింది, బ్యాంకుల సొమ్ము తక్కువ వడ్డీకి ఫ్యాక్టరీలకు పోయింది. 1960లో ప్రధాని ఇకెదా పదేళ్ళలో దేశ ఆదాయం రెట్టింపు అన్నాడు, ఏడేళ్ళకే అయింది. 1968లో దేశం మొత్తం ఉత్పత్తిలో పశ్చిమ జర్మనీని దాటింది. అయితే మీటీ సర్వజ్ఞురాలు ఏం కాదు. సోనీ కంపెనీ ట్రాన్సిస్టర్ లైసెన్సు కోసం అడిగిన 25 వేల డాలర్లకు నెలల తరబడి తిప్పింది, కార్ల కంపెనీలు కొన్ని చాలు కొత్తవి వద్దని చట్టం తేబోయింది. ఆ చట్టం పాస్ కాలేదు, హోండా 1963లో కార్లలోకి దిగింది. దారి చూపే ప్రభుత్వం, మాట వినని కంపెనీలు రెండూ ఉన్నాయి కాబట్టే పని జరిగిందని నా అభిప్రాయం.

పదకొండేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగంలోనే ఉన్నా. జపాన్‌లో చేరినవాళ్ళందరికీ రిటైర్మెంట్ దాకా ఉద్యోగం గ్యారంటీ అట కదా?
– అనంతపురం

అందరికీ ఎప్పుడూ లేదు. పెద్ద కంపెనీల్లో, అదీ మగవాళ్ళకు, మొత్తం ఉద్యోగుల్లో ఒక భాగానికే. చిన్న సప్లయర్ కంపెనీల్లో, ఆడవాళ్ళకు ఆ భాగ్యం దక్కలేదు.

అది యజమానులు ప్రేమగా ఇచ్చింది కూడా కాదు. 1945 చివర్లో యూనియన్ చట్టం రాగానే ఆకలితో ఉన్న జనం లక్షల్లో యూనియన్లలో చేరారు. 1946లో కరెంటు కార్మికులు పోరాడి వయసు, ఇంట్లో ఎంతమంది తినేవాళ్ళున్నారు అన్న లెక్కన జీతం సాధించారు, వయసుతో జీతం పెరిగే పద్ధతికి అదో మూలం. 1949లో అమెరికా బ్యాంకర్ డాడ్జ్ బడ్జెట్ బిగించేసరికి ఎక్కడికక్కడ ఉద్యోగాలు తీసేశారు. 1950లో టొయోటా దివాలా అంచుకొచ్చి వెయ్యి మందికి పైగా ఉద్యోగులను పంపేయాల్సి వచ్చింది, సమ్మె జరిగింది, కంపెనీ అధినేత కిఇచిరో తొయోదా బాధ్యత తీసుకుని దిగిపోయాడు. 1953లో నిస్సాన్, 1960లో మీకే బొగ్గు గని, అక్కడైతే దాదాపు ఏడాది పోరాటం, ఓడింది యూనియనే. ఇన్ని దెబ్బలు తిన్నాక రెండు పక్షాలూ ఒక రాజీకి వచ్చాయి. యూనియన్ కంపెనీ లోపలే ఉంటుంది, కొత్త యంత్రాలకు అడ్డు చెప్పదు, కంపెనీ పర్మినెంట్ మనిషిని తీసేయదు. 1975లో సుప్రీంకోర్టు కూడా సరైన కారణం లేకుండా తీసేస్తే చెల్లదని తేల్చింది.

1990లలో కంపెనీలు ఉన్నవాళ్ళను తీసేయలేక కొత్తవాళ్ళను పర్మినెంట్‌గా తీసుకోవడం బాగా తగ్గించేశాయి. ఆ పదేళ్ళలో చదువు ముగించిన పిల్లల తరం నలిగిపోయింది. ఇప్పుడు ఉద్యోగుల్లో మూడో వంతుకు పైగా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్ళే. అదే పని, పక్కపక్క కుర్చీలు, జీతం వేరు, బోనస్ లేదు. మీ బాధ వాళ్ళకు బాగా తెలుసు సార్.

పెనుకొండ వైపు కార్ల విడిభాగాల కంపెనీలో చేస్తున్నా. లైన్ ఆపితే తిడతారు. జపాన్‌లో వర్కరే లైన్ ఆపొచ్చు అని ట్రైనింగ్‌లో చెప్పారు, నిజమా?

నిజం. దాని మూలం మగ్గంలో ఉంది, మీ పక్కనే ధర్మవరం నేతగాళ్ళను అడిగితే వెంటనే పట్టుకుంటారు. మరమగ్గం మీద ఒక పడుగు పోగు తెగినా మగ్గం ఆగకపోతే గజాల కొద్దీ బట్ట పాడవుతుంది, అందుకని మగ్గం పక్కన మనిషి కాపలా. వడ్రంగి కొడుకు సకిచి తొయోదా పోగు తెగగానే తనంతట తానే ఆగే మగ్గం చేశాడు, 1924 నాటి అతని జీ రకం మగ్గం పేరు మోసింది. కాపలా తప్పేసరికి ఒక్క మనిషి బోలెడన్ని మగ్గాలు చూడగలిగేవాడు. 1929లో దాని హక్కులు ఇంగ్లండులోని ప్లాట్ కంపెనీకి లక్ష పౌండ్లకు అమ్మారు, కొడుకు కిఇచిరో కార్ల పని మొదలుపెట్టాడు.

యుద్ధం తర్వాత టొయోటా ఇంజినీరు తయిఇచి ఓనో అదే సూత్రం కార్ల లైనుకు పెట్టాడు. తలపైన తాడు, తేడా కనబడితే లాగు, బోర్డు మీద నీ స్టేషన్ లైటు వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. గోడౌన్ నిండా సరుకు కొనిపెట్టుకునే డబ్బు లేదు కాబట్టి, డబ్బా ఖాళీ అయ్యాక దాని కార్డు వెనక్కి పోతేనే మళ్ళీ అంత సరుకు వచ్చే పద్ధతి పెట్టారు. అయితే ఒక మాట. తాడు లాగినవాడి ఉద్యోగం పోదన్న నమ్మకం ఉంటేనే ఎవడైనా తాడు లాగుతాడు. పై జవాబులో చెప్పిన రాజీ లేకుండా తాడు మాత్రం తెచ్చి కడితే అది వేలాడుతూ ఉంటుంది, అంతే.

భూమి రేటు ఎప్పటికీ పడదని మా మామ అప్పు చేసి మరీ ఊరవతల వెంచర్‌లో ప్లాట్లు కొంటున్నాడు. జపాన్‌లో పడిందంటే నమ్మడం లేదు. మీరే చెప్పండి.
– కర్నూలు

ఈ జవాబు మీ మామకు చదివి వినిపించు. 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో డాలరు విలువ దించాలని పెద్ద దేశాలు చేసుకున్న ఒప్పందం తర్వాత డాలరుకు 240 దగ్గరున్న యెన్, రెండేళ్ళు తిరిగేసరికి 150 కిందికి వచ్చింది, అంటే యెన్ బాగా బలపడింది. ఎగుమతులు దెబ్బతింటాయని బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీని 2.5 శాతానికి తగ్గించి 1989 దాకా అక్కడే ఉంచింది. చవక అప్పు వెల్లువెత్తింది. భూమి తాకట్టు పెట్టు, అప్పు తీసుకో, ఇంకో భూమి కొను, దాన్ని తాకట్టు పెట్టు. దేశం చిన్నది, జనం ఎక్కువ, భూమి పెరగదు, కాబట్టి రేటు పడదు అని అక్కడ కూడా అచ్చం మీ మామ మాటే, పెద్ద పెద్ద బ్యాంకులే నమ్మాయి. 1989 డిసెంబర్ 29న షేర్ల సూచీ నిక్కెయ్ 38,915 దగ్గర ముగిసింది. వడ్డీ 1990 ఆగస్టుకు 6 శాతానికి పెంచారు, రియల్ ఎస్టేట్ అప్పులకు కళ్ళెం వేశారు. ముందు షేర్లు, తర్వాత భూమి కూలాయి. పెద్ద నగరాల్లో వ్యాపార స్థలాల ధర పదిహేనేళ్ళ పాటు దిగుతూనే పోయి, శిఖరం నుంచి 80 శాతానికి పైగా పడింది. 1997 నవంబర్‌లో యమఇచి అనే వందేళ్ళ షేర్ల కంపెనీ, హొక్కయిదో తకుషోకు బ్యాంకు ఒకే నెలలో మూతపడ్డాయి. నిక్కెయ్ మళ్ళీ ఆ 38,915ను దాటింది 2024 ఫిబ్రవరిలో, ముప్పై నాలుగేళ్ళకు.

భూమి కొనొద్దని అనను. అప్పు చేసి, ఆ భూమినే చూపించి ఇంకో అప్పు చేసి కొనొద్దు.

నర్సింగ్ పూర్తి చేశాను. జపాన్‌లో జాబులున్నాయని ఏజెంట్లు తిరుగుతున్నారు. వెళ్ళొచ్చా సార్?
– ప్రొద్దుటూరు

వెళ్ళొచ్చమ్మా, అవసరం నిజంగానే ఉంది. జనాభా 2008 నుంచి తగ్గుతోంది, ముసలివాళ్ళను చూసుకునే చేతులు లేవు. 2019లో నిర్దిష్ట నైపుణ్యం పేరుతో కొత్త వీసా తెచ్చారు, మన దేశంతో 2021 జనవరిలో దాని మీద ఒప్పందం కుదిరింది, వృద్ధుల సంరక్షణ అందులో ఒక రంగం. జపాన్ భాష పరీక్ష, సంరక్షణ పనిలో వాడే జపాన్ భాష మీద ఇంకో పరీక్ష, పని పరీక్ష మూడూ పాసవ్వాలి, భాష ఎంత బాగా వస్తే అక్కడ అంత ధైర్యంగా ఉంటావు. నర్సు డిగ్రీ ఉన్నా ఈ వీసా మీద చేసేది సంరక్షణ పనే, నర్సు పని కాదు, ఆసుపత్రిలో నర్సుగా చేయాలంటే వాళ్ళ లైసెన్సు పరీక్ష వేరే రాయాలి. ఏజెంటు ఈ ముక్క చెప్పకపోతే అతన్ని అక్కడే వదిలెయ్.

కాంట్రాక్టు కాగితం చేతికొచ్చాక సంతకానికి ముందు కొన్ని చూసుకో. ఎన్నేళ్ళకు, పర్మినెంటా కాదా, జీతంలోంచి అద్దె, ఇన్సూరెన్స్ కింద ఎంత కోస్తారు, చేతికెంత వస్తుంది, అక్కడే ఇంకో యజమాని దగ్గరికి మారే వీలుందా. ఈ వీసాలో అదే రంగంలో యజమానిని మార్చుకునే హక్కు ఉంది, పాత ట్రైనీ వీసాలో ఆ హక్కు లేకనే చాలామంది చిక్కుకుపోయారు, ఆ పద్ధతినే తీసేస్తూ 2024లో చట్టం చేశారు. కాబట్టి నీకు ఇప్పిస్తున్నది ఏ వీసానో పేరు రాయించుకుని, ఏజెంటుకు డబ్బు కట్టకముందే ఆ కాగితం ఫోటో మాకు పంపు, చూసి చెప్తాను.